ఇంటి వైఫైకి సరైన తాళం: పాస్‌వర్డ్ నుంచి ధ్రువీకరణ దాకా అడుగడుగునా

కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్న ఇళ్లలో దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. తీగ లాగి, గోడకు పెట్టె బిగించి, దీపాలు ఆకుపచ్చగా వెలిగాయని చూసుకున్న కుర్రాడు ఆఖరున ఒక మాట అడుగుతాడు: "వైఫై పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబరే పెట్టేయమంటారా సార్, గుర్తుంటుంది?" ఇంటాయన సరేనంటాడు. బ్యాంకు పనులు చేసుకునే ల్యాప్‌టాప్, గుమ్మం మీది కెమెరా, పిల్లల చదువుకు కొన్న ట్యాబ్, అన్నీ ఆ క్షణం నుంచి ఆ పది అంకెల వెనక్కి చేరతాయి. అవే పది అంకెలు గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు మీదా, శుభలేఖల మీదా, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉంటాయి.

పక్కవాళ్లు కాస్త డేటా వాడుకుంటే పోయేదేముంది అనేవారు ఇప్పటికీ ఉన్నారు. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు చేరిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలోని ఒక ఇంటి వైఫై గుండా వెళ్లింది. తాళం లేని ఆ కనెక్షన్‌ను ఎవరో వాడుకున్నారు. పోలీసులు మొదట తట్టింది మాత్రం ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వారి తలుపునే.

ఈ వ్యాసంలో ఇంటి రూటర్‌ను అడుగడుగునా ఎలా సరిచేసుకోవాలో వివరిస్తాను; తరువాత హాస్టళ్లు, కార్యాలయాలు, కళాశాలల సంగతి చెబుతాను. మొత్తానికీ ఆధారమైన విషయం ఒకటుంది. ధ్రువీకరణలో ఎప్పుడూ రెండు ప్రశ్నలు ఉంటాయి: మన తలుపు తడుతున్నవారు మనవాళ్లేనా అన్నది మొదటిది, మనం తడుతున్న తలుపు మనదేనా అన్నది రెండోది. మొదటి ప్రశ్న గురించి అందరూ ఎంతో కొంత ఆలోచిస్తారు, రెండోదాన్ని చాలామంది తలవనైనా తలవరు. వైఫైలో జరిగే మోసాల్లో పెద్దవి ఆ రెండో ప్రశ్న దగ్గరే జరుగుతాయి.

ఫోన్ కలిసేటప్పుడు గాలిలో ఏం జరుగుతుంది

డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో పాస్‌వర్డ్ ఎప్పుడూ గాలిలో ప్రయాణించదు. ఫోన్, రూటర్ రెండూ పాస్‌వర్డ్‌ను, నెట్‌వర్క్ పేరును కలిపి 4,096 సార్లు తిరగమోత పెట్టినట్టు లెక్కకట్టి, 256 బిట్ల మూల తాళంచెవిని ఎవరికి వారు తయారు చేసుకుంటాయి. తరువాత నాలుగు సందేశాలు నడుస్తాయి. రూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. ఫోన్ తన సంఖ్యను, దానితో పాటు మూల తాళంచెవి తన దగ్గర ఉన్నదని రుజువు చేసే ఒక ముద్రను పంపుతుంది. మూడో సందేశంలో రూటర్ కూడా అలాంటి ముద్రే వేసి తనను తాను రుజువు చేసుకుంటుంది. నాలుగోది అందిందని చెప్పే సమాధానం. ఈ నాలుగు సందేశాలనూ కలిపి కరచాలనం అంటారు. ఆ సంభాషణ నుంచి పుట్టిన తాత్కాలిక తాళంచెవితోనే ఆపై డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మారుతుంది.

ఇందులోని బలహీనత ఏమిటంటే, వీధిలో బండి మీద కూర్చున్న మనిషి కూడా ఆ సందేశాలను వినగలడు. రెండు సంఖ్యలు, ముద్ర అతని ల్యాప్‌టాప్‌లోకి చేరాక మీ రూటర్‌తో అతనికి ఇక పని లేదు. ఇంటికి వెళ్లి తీరిగ్గా ఒక్కొక్క పాస్‌వర్డ్‌నూ ఊహించి, అదే లెక్క కట్టి, ముద్ర సరిపోయిందో లేదో చూసుకుంటాడు. ఎన్నిసార్లు తప్పినా మీ రూటర్‌కు తెలియదు, అతన్ని ఆపే నాథుడు ఉండడు.

మొదటి అడుగు: రూటర్ లోపలికి వెళ్లడం

ఫోన్‌లో వైఫై సెట్టింగులు తెరిచి, కలిసి ఉన్న నెట్‌వర్క్ వివరాల్లో గేట్‌వే అన్న చోట కనిపించే చిరునామాను చూడండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే రూటర్ లాగిన్ పేజీ వస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టె అడుగున అతికించిన స్టిక్కర్ మీద ఉంటాయి. లేకపోతే కనెక్షన్ ఇచ్చినవారిని అడిగి తీసుకోవాలి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

లోపలికి వెళ్లగానే మొట్టమొదట మార్చవలసింది ఈ లాగిన్ పాస్‌వర్డే. వైఫై పాస్‌వర్డ్ వీధి తలుపు తాళమైతే ఇది బీరువా తాళం. రెండూ ఒకటే పెట్టకూడదు, ఎందుకంటే వైఫై పాస్‌వర్డ్ చుట్టాలకూ స్నేహితులకూ చెప్పక తప్పదు, దీన్ని ఎవరికీ చెప్పవలసిన అవసరం రాదు. ఇదే పేజీలో, బయటి నుంచి రూటర్‌ను నడపనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ అన్న ఎంపిక తెరిచి ఉంటే, ఆపరేటర్‌కు దానితో నిజంగా పని లేదని తెలుసుకుని మూసివేయండి.

రెండో అడుగు: సరైన పద్ధతిని ఎంచుకోవడం

వైర్‌లెస్ సెక్యూరిటీ అన్న చోట వరుసగా కొన్ని పేర్లు కనిపిస్తాయి. వాటి వెనుక పాతికేళ్ల చరిత్ర ఉంది. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంతో పాటు పుట్టిన డబ్ల్యూఈపీ 2001 నాటికే విరిగిపోయింది. ప్రతి ప్యాకెట్‌కూ (డేటా ముక్కకూ) మారవలసిన సంఖ్యకు 24 బిట్ల చోటే ఇవ్వడం వల్ల అవే సంఖ్యలు మళ్లీ మళ్లీ వచ్చేవి, ఆర్‌సీ4 సాంకేతికలిపిని అది వాడిన తీరులోనూ లోపం ఉంది. దాని స్థానంలో 2003లో తాత్కాలికంగా డబ్ల్యూపీఏ, 2004లో స్థిరంగా డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

మీ రూటర్‌లో డబ్ల్యూపీఏ3 పర్సనల్ ఉండి, ఇంట్లోని పరికరాలన్నీ దానితో కలిస్తే అదే పెట్టండి. ఇందులో ఎస్‌ఏఈ అనే కొత్త కరచాలనం ఉంటుంది. గాలిలో విన్నదాన్ని ఇంటికి మోసుకుపోయి ఊహించడం ఇందులో కుదరదు; ప్రతి ఊహకూ రూటర్‌తో ఒకసారి ముఖాముఖి మాట్లాడవలసిందే. మరో మేలు ఏమిటంటే, పాస్‌వర్డ్ రేపు బయటపడినా నిన్నటి సంభాషణలను దానితో విప్పడం సాధ్యం కాదు.

పాత టీవీనో ప్రింటరో డబ్ల్యూపీఏ3తో కలవకపోతే డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 కలిపిన పద్ధతిని ఎంచుకోవచ్చు. అయితే ఆ పద్ధతిలో పాత పరికరాలు పాత కరచాలనమే చేస్తాయి కాబట్టి, పైన చెప్పిన దొంగచాటు ఊహలకు దారి తెరిచే ఉంటుంది. డబ్ల్యూపీఏ2 ఒక్కటే ఉన్న రూటర్ అయితే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉన్నదాన్ని పెట్టండి. టీకేఐపీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు కనిపించే ఏ ఎంపికనూ తాకవద్దు. అది బలహీనం కావడమే కాక, దానితో నడిచే కనెక్షన్ వేగం 54 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. వంద ఎంబీపీఎస్‌కు డబ్బు కడుతున్నా నెట్ నెమ్మదిగా ఉందని వాపోయే ఇంట్లో ఈ ఒక్క సెట్టింగు మార్చగానే వేగం పెరగడం నేను చూశాను. పీఎంఎఫ్ అనే రక్షణ కూడా కనిపిస్తే ఆన్ చేయండి. ఫోన్‌ను బలవంతంగా నెట్‌వర్క్ నుంచి తోసేసే దొంగ సందేశాలను అది అడ్డుకుంటుంది.

మూడో అడుగు: పాస్‌వర్డ్

అన్ని అడుగుల్లోకీ ఇది ముఖ్యమైనది, అందుకే లెక్కతో చెబుతాను. ఇవాళ మార్కెట్లో దొరికే మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షల డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లను పరీక్షించగలదు. మన దేశపు మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెల్లో ఏదో ఒకదానితో మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపి 400 కోట్లకు మించవు. 400 కోట్లను పది లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు, అంటే గంటా ఏడు నిమిషాలు. మీ నంబరు ముందే తెలిసినవాడికి ఆ గంట కూడా అక్కర్లేదు. పుట్టిన తేదీని ఎనిమిది అంకెలుగా పెట్టినవారి పరిస్థితి ఇంకా దయనీయం: వందేళ్ల తేదీలన్నీ కలిపినా 36,525 మాత్రమే, సెకనులో పాతికో వంతైనా పట్టదు. పేరు పక్కన 123 చేర్చినవి ఊహించేవారి జాబితాల్లో మొదటి పేజీలోనే ఉంటాయి.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. ఆ చోటును వాడుకోండి. నేను అందరికీ చెప్పే పద్ధతి ఇది. ఇంట్లో ఉన్న నిఘంటువు తీసి, కళ్లు మూసుకుని ఒక పేజీ తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న మాట రాసుకోండి. ఇలా అయిదు సార్లు చేయండి. గుమ్మడి, తిరగలి, ఆవిరి, జోలె, నాగలి అన్నట్టు ఒకదానితో ఒకటి పొంతన లేని అయిదు మాటలు వస్తాయి. (ఇక్కడ అచ్చయిన ఈ అయిదింటిని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు.) వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో చిన్న గీతతో కలిపి రాయండి. రెండు వేల మాటల్లోంచి అయిదు తీసినట్టు తక్కువగా లెక్కకట్టినా, అవకాశాల సంఖ్య 32 తరువాత పదిహేను సున్నాలు పెట్టినంత అవుతుంది. అదే గ్రాఫిక్స్ కార్డుకు వెయ్యేళ్లు పడుతుంది. వేలు పెట్టిన మాట నచ్చలేదని ఇంకోటి వెతుక్కోవద్దు. నచ్చినవి ఏరుకోవడం మొదలుపెట్టిన వెంటనే దేవుళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు, హీరోల పేర్లే వస్తాయి, ఊహించేవాడూ అక్కడి నుంచే మొదలుపెడతాడు.

తెలుగు మాటలకు ఒక చిక్కు ఉంది. తిరగలిలో తకారానికి హెచ్ పెట్టాలా వద్దా, నాగలిలో దీర్ఘానికి ఏ ఒకసారా రెండుసార్లా అన్నది ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా రాస్తారు. అందుకని స్పెల్లింగును కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఇంట్లో కాగితం మీద ఉన్న బలమైన పాస్‌వర్డ్, అందరికీ తెలిసిన ఫోన్ నంబరు కంటే ఎన్నో రెట్లు మేలు.

నాలుగో అడుగు: డబ్ల్యూపీఎస్ మూసివేయడం

పాస్‌వర్డ్ కొట్టే శ్రమ తప్పించడానికి వచ్చిన ఈ సదుపాయంలో ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది. చూడ్డానికి పది కోట్ల అవకాశాలు ఉన్నట్టుంటుంది. కానీ చివరి అంకె ముందు ఏడింటి నుంచి వచ్చే సరిచూపు అంకె. పైగా రూటర్ మొదటి నాలుగు అంకెలు సరైనవో కాదో విడిగా చెప్పేస్తుంది. దాంతో మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000, వెరసి 11,000 ప్రయత్నాలు చాలు. 2011 డిసెంబరులో ఈ లోపం బయటపడింది. ఎంత గొప్ప పాస్‌వర్డ్ పెట్టినా పెరటి తలుపు తీసి ఉంచినట్టే కాబట్టి, వెంటనే మూసేయండి.

అయిదో అడుగు: పేరు, ఇంకా పనికిరాని జాగ్రత్తలు

మూల తాళంచెవి తయారీలో నెట్‌వర్క్ పేరు కూడా కలుస్తుందని పైన చెప్పాను. కంపెనీ ఇచ్చిన పేరే ఉంచితే, ఆ పేరుకు ముందుగానే లెక్కకట్టి పెట్టుకున్న పట్టికలు పనికొస్తాయి. అందుకని పేరు మార్చాలి. ఇంటి పేరు, ఫ్లాట్ నంబరు మాత్రం పెట్టవద్దు, ఏ నెట్‌వర్క్ ఎవరిదో దారినపోయేవారికి తెలియవలసిన అవసరం లేదు.

పేరు కనిపించకుండా దాచమనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. దాన్ని నేను సమర్థించను. రూటర్ పేరు చెప్పడం మానేస్తే, దాన్ని వెతుక్కుంటూ మీ ఫోన్ వెళ్లిన ప్రతి చోటా ఆ పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు విన్నవాడు అదే పేరుతో ఒక దొంగ నెట్‌వర్క్ తెరవగలడు. ప్రతి పరికరానికీ గుర్తింపుగా ఉండే మ్యాక్ చిరునామాల జాబితా పెట్టి, అందులో లేనివాటిని వడకట్టడం కూడా ఇలాంటిదే: ఆ చిరునామాలు ఎన్‌క్రిప్షన్ లేకుండానే గాలిలో తిరుగుతాయి, వాటిని విని కాపీ చేయడం క్షణాల పని. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు చిరునామా దాచి వేరేది చూపిస్తాయి కాబట్టి, ఆ జాబితాతో తిప్పలు పడేది ఇంట్లోవారే.

ఆరో అడుగు: అతిథులకు వేరే గది

రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే తప్పక తెరవండి. దానికీ మంచి పాస్‌వర్డ్ పెట్టండి, లోపలి నెట్‌వర్క్‌ను చేరే అనుమతిని ఆపండి. చుట్టాల ఫోన్లు, స్మార్ట్ బల్బులు, చవకగా కొన్న కెమెరాలు అన్నీ అక్కడే ఉండాలి. ఒక చిన్న ఆసుపత్రిలో రిసెప్షన్ గోడ మీద అతికించిన పాస్‌వర్డ్‌తో నా ఫోన్ కలిపినప్పుడు, బిల్లింగ్ కంప్యూటర్‌లో అందరికీ తెరిచి ఉంచిన ఫోల్డర్, అందులో రోగుల రిపోర్టులు ఆ ఫోన్‌లోనే కనిపించాయి. డాక్టరు గారికి చూపిస్తే ఆయన ముఖం పాలిపోయింది. అక్కడ లేనిది ఈ ఒక్క విభజనే, అరగంటలో సరిచేశాము.

పాస్‌వర్డ్ చెప్పే బదులు క్యూఆర్ కోడ్ చూపిస్తే దాగి ఉంటుందని అనుకోవద్దు. ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. చూపించేది ఏదైనా గెస్ట్ నెట్‌వర్క్‌దే చూపించండి.

ఏడో అడుగు: అప్‌డేట్లు

2017 అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపాన్ని బయటపెట్టారు. పైన చెప్పిన నాలుగు సందేశాల్లో మూడోదాన్ని మళ్లీ మళ్లీ పంపితే, ఫోన్ అదే తాళంచెవిని కొత్తదనుకుని మళ్లీ అమర్చుకునేది. పాస్‌వర్డ్ ఎంత బలమైనదైనా దీనికి మందు కాదు. అప్‌డేట్ ఒక్కటే మందు, అదీ ముఖ్యంగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో. ఆపరేటర్ ఇచ్చిన పెట్టెకు అప్‌డేట్లు వారి నుంచే రావాలి. అవి రాకపోయినా, డబ్ల్యూపీఏ3 లేకపోయినా, సొంత రూటర్ కొని దాని వెనుక కలుపుకోవచ్చు. అలా కలిపాక పాత పెట్టెలోని వైఫైని ఆపడం మరిచిపోతే పాత తలుపు తెరిచే ఉంటుంది.

హాస్టళ్లు, కార్యాలయాలు, కళాశాలలు

అమీర్‌పేట లాంటి చోట ఒక హాస్టల్‌లో అరవై మంది ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే, దాన్ని రహస్యం అనలేము. డబ్ల్యూపీఏ2లో ఆ పాస్‌వర్డ్ తెలిసినవాడు పక్క గది ఫోన్ కరచాలనాన్ని విన్నాడంటే, ఆ ఫోన్ డేటా మీది వైఫై ఎన్‌క్రిప్షన్‌ను విప్పగలడు. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో నకిలీ నెట్‌వర్క్ తెరిస్తే మూడో సందేశంలోని ముద్ర కూడా సరిపోతుంది, మన ఫోన్‌కు అనుమానమే రాదు. మనం తడుతున్న తలుపు మనదేనా అన్న రెండో ప్రశ్న దగ్గర ఉమ్మడి పాస్‌వర్డ్ ఇలా ఓడిపోతుంది.

దీనికి విరుగుడు ఎంటర్‌ప్రైజ్ పద్ధతి. ఇందులో ప్రతి మనిషికీ సొంత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లేదా గుర్తింపు కార్డులా పనిచేసే సొంత డిజిటల్ సర్టిఫికెట్ ఉంటుంది. రూటర్ స్వయంగా తీర్పు చెప్పకుండా, అందరి ఖాతాలనూ సరిచూసే రేడియస్ సర్వర్‌ను అడుగుతుంది. ఉద్యోగి మానేసిన రోజున అతని ఖాతా ఒక్కటి మూస్తే సరిపోతుంది, మిగతావారి ఫోన్లలో ఏదీ మార్చనక్కర్లేదు. విశ్వవిద్యాలయాల్లో కనిపించే ఎడ్యురోమ్ అనే ఉమ్మడి వైఫై సేవ ఈ పద్ధతి మీదే నడుస్తుంది. మన దేశంలో దాన్ని విద్యా, పరిశోధనా సంస్థల నెట్‌వర్క్ నడిపే ఎర్నెట్ ఇండియా చూస్తుంది. హైదరాబాద్‌లోని సభ్య సంస్థ ఇచ్చిన ఐడీతోనే జర్మనీ విశ్వవిద్యాలయంలోనూ నెట్ కలుస్తుంది.

ఫోన్‌లో దీన్ని అమర్చేటప్పుడు అందరూ తడబడే చోటు ఒకటుంది. లాగిన్‌ను ఏ తీరున సరిచూడాలో చెప్పే ఈఏపీ పద్ధతి పీఈఏపీ, రెండో దశ ఎంఎస్‌చాప్‌వీ2 అని పెట్టాక సీఏ సర్టిఫికెట్ అన్న వరుస వస్తుంది; అవతలి సర్వర్ అసలుదేనా అని సరిచూసేది దీనితోనే. కొన్ని ఫోన్లలో అక్కడ 'సరిచూడవద్దు' అన్న ఎంపిక ఉంటుంది. తొందరగా పని కావాలని దాన్నే నొక్కమని సీనియర్లు చెబుతుంటారు. అది నొక్కితే, అదే పేరుతో బస్టాపులో ఎవరు నెట్‌వర్క్ తెరిచినా మీ ఫోన్ తన లాగిన్ రుజువును వారికి అప్పగిస్తుంది. మీ కళాశాల ఈమెయిల్, పరీక్షల పోర్టల్ పాస్‌వర్డ్ కూడా అదే అయితే నష్టం ఎంతదో మీరే ఊహించండి. సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌ను గానీ సిస్టమ్ సర్టిఫికెట్లను గానీ ఎంచుకుని, డొమైన్ అన్న చోట ఐటీ విభాగం చెప్పిన పేరును అక్షరం పొల్లుపోకుండా రాయండి. అప్పుడే మీ ఫోన్ తలుపు ఎవరిదో చూసి తడుతుంది. నెట్‌వర్క్ నిర్వహించేవారు వీలైతే పాస్‌వర్డ్‌లు పూర్తిగా మానేసి, ఇరువైపులా సర్టిఫికెట్లే వాడే ఈఏపీ-టీఎల్‌ఎస్‌కు మారడం ఉత్తమం.

రైల్వే స్టేషన్లలో, హోటళ్లలో దొరికే ఉచిత వైఫై సంగతి ఒక్క మాటలో: ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీ మీరెవరో వారు రాసుకోవడానికే తప్ప, మీ డేటాను గాలిలో కాపాడదు. వెబ్‌సైట్ చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలవుతోందో లేదో చూడండి, సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే అక్కడికక్కడే ఆపేయండి, పని కాగానే ఆ నెట్‌వర్క్‌ను ఫోన్‌లోంచి తీసివేయండి.

పూర్తయ్యాక ఒకసారి పరీక్షించుకోవడం

ఇంటి అమరిక అంతా అయ్యాక మీ ఫోన్‌లో పాత నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మని చెప్పి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపండి. వివరాల్లో సెక్యూరిటీ అన్న చోట మీరు ఎంచుకున్న పద్ధతే కనిపించాలి. తరువాత గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మారి బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా మీ రూటర్ చిరునామా కొట్టండి; లాగిన్ పేజీ తెరుచుకోకూడదు. తెరుచుకుంటే ఆరో అడుగు సరిగా పడలేదని అర్థం. ఆఖరున రూటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిచి, ఇంట్లోవారందరినీ కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క వరుసా ఎవరిదో గుర్తుపట్టండి. ఎవరిదీ కాని వరుస మిగిలితే అనుమానించేలోపు ఇంట్లోని స్మార్ట్ టీవీనీ, వాషింగ్ మెషీన్‌నూ ఒకసారి ఆపి చూడండి. అప్పటికీ ఆ వరుస అలాగే ఉంటే, నిఘంటువు తెరిచి మూడో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.